పటం పక్కన కాగితం

మా వీధి మలుపులో కొత్తగా టిఫిన్ సెంటర్ పెట్టారు. పొద్దున పెసరట్టు కోసం నిలబడితే గల్లాపెట్టె పైన చూపు ఆగింది. వెంకన్న పటం పక్కనే, అలాంటి ఫ్రేములోనే, ఆహార భద్రత వాళ్లిచ్చిన కాగితం. స్వామికి పెట్టిన చేత్తోనే దాని అద్దం మీదా ఇంత పసుపు, కుంకుమ పెట్టారు.

అట్టు కాలేలోగా నంబరు చదివాను. 14 అంకెలు. మొదటిది 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. నాలుగు, అయిదు అంకెలు కలిపి చదివితే అది పుట్టిన ఏడాది తెలుస్తుంది. ఇక్కడ మొదలు 2.

"ఈ ఒక్క కాగితమేనా అండీ!" అంది అట్లు పోస్తున్న ఆవిడ. ట్రేడ్ లైసెన్సు, కమర్షియల్ మీటరు, కమర్షియల్ సిలిండరు... పిండి రుబ్బే కుర్రాడికి డాక్టరు సర్టిఫికెట్, టైఫాయిడ్ టీకా. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, అద్దె కాగితంలో ఒకలా ఉందని దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చిందట. అద్దె మాత్రం ఆగదు కదా.

"ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో వండుతున్నా. నా చేయి శుభ్రమేనని ఎవరికీ చెప్పుకోవాల్సిన పని పడలేదు" అంది. గొంతులో కోపం లేదు. కాస్త చిన్నబుచ్చుకుంది, అంతే.

ఆ మాట నన్ను వదల్లేదు. కోర్టు పని మీద పట్నం వెళ్తే మా నాన్న ఒక పూటకూళ్ల ఇంట్లోనే తినేవారు. వడ్డించే పెద్దావిడ ఎవరి కోడలో, ఏ బావి నీళ్లు తోడుతుందో ఆయనకు తెలుసు. ఆయనకు వంకాయ పడదని ఆవిడకూ తెలుసు. అడక్కుండానే ఆ గిన్నె పక్కకు తప్పించేది.

ఇప్పుడు ఈ బల్లల దగ్గర కూర్చునేది ఎవరు? కొత్త ఉద్యోగానికి ఊరు మారిన కుర్రాడు. ఆసుపత్రిలో ఉన్న బిడ్డకు ఇడ్లీ కట్టించుకునే తల్లి. వాళ్లకు ఈవిడ ఎవరో తెలియదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఆ కాగితాన్ని నలుగురికీ కనబడేచోట పెట్టమన్నాయి. సంబంధం కుదిర్చే పెద్దమనిషిలా అది ఇద్దరి మధ్యా నిలబడి, "నాకు తెలిసినవాళ్లే, కూర్చోండి" అంటున్నట్టు అనిపించింది నాకు.

పొట్లం చేతికిస్తూ ఆవిడ పైకి చూసింది. ఇడ్లీపాత్ర ఆవిరికి అద్దం మసకబారింది. స్టూలెక్కి, బొట్టు చెరగకుండా, కొంగుతో చుట్టూ తుడిచింది.