సైటేషన్ల లెక్క, మన కేస్ షీటు

గత నెలలో మా జి.ఎన్.ఎం. మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె నా గదికి వచ్చింది. రీసెర్చ్ పాఠం కోసం గుండె డాక్టరు ఒకాయన గురించి చదివిందట. "ఆయన పత్రాలకు వేల సైటేషన్లు అని రాశారు మేడమ్. దానివల్ల మన పేషెంటుకి ఏం ఒరుగుతుంది?" అని అడిగింది. ఆ అమ్మాయికి చెప్పిన జవాబే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

ఒకరు రాసిన పరిశోధన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో పేర్కొంటే అది ఒక సైటేషన్. 2005లో హిర్ష్ అనే శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో 40 పత్రాలను ఒక్కొక్కటి కనీసం 40 సార్లు ఇతరులు పేర్కొంటే ఆ పరిశోధకుడి హెచ్-ఇండెక్స్ 40. పెద్ద పదవులకు, అవార్డులకు ఈ అంకె చూస్తారు.

మన తెలుగువారిలో డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి గారిని తీసుకుందాం. హైదరాబాదు ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కార్డియాలజీ విభాగాధిపతిగా పనిచేశారు. 2005లో పద్మభూషణ్ అందుకున్నారు. 2006లో మొదలైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షులు. 1998లో డాక్టర్ సలీం యూసుఫ్ గారితో కలిసి 'సర్క్యులేషన్' పత్రికలో ఒక పత్రం రాశారు. గుండె జబ్బు ధనిక దేశాలదే కాదు, మనలాంటి దేశాల్లోనూ పెరుగుతోందని అందులో హెచ్చరించారు. ప్రపంచంలో ఎందరో పరిశోధకులు ఆ పత్రాన్ని పేర్కొన్నారు.

అయితే నాకు ఎక్కువ నచ్చింది 2006లో వచ్చిన మరో పత్రం. దాని రచయితల్లో ఆయనా ఒకరు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలు తీసుకున్నారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మరణం జరిగిన ఇంటికి వెళ్ళి, చనిపోయే ముందు ఆ మనిషికి ఏ బాధలున్నాయో ఇంటివాళ్ళను అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలు చదివి డాక్టర్లు మరణ కారణం నిర్ణయించారు. మొత్తం 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాలవి 12 శాతం. పల్లెల్లో గుండెపోటు ఎక్కడిదిలే అనుకునే రోజుల్లో ఆ లెక్క కళ్ళు తెరిపించింది.

సైటేషన్లు రచయితల పేర్ల మీద జమ అవుతాయి. దుఃఖంలో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని ఓపిగ్గా రాసుకున్నవారి ఖాతాలో ఏమీ పడదు. కానీ వారు అడగకుండా ఊహించి రాసి ఉంటే ఆ పత్రానికి విలువేముంది? అందుకే నా అభిప్రాయం ఇది: పరిశోధన మొదలయ్యేది ప్రొఫెసర్ గారి బల్ల దగ్గర కాదు, రోగి మంచం దగ్గర.

ఈ మాట అనడానికి ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నైట్ డ్యూటీ చివర్లో, పట్టీ సరిగా చుట్టకుండానే 120/80 అని రాసిన రోజులున్నాయి. 126 వచ్చినా 130 అని వేసేసేదాన్ని. చార్టు నిండుగా, అందంగా ఉండేది. అందులో నిజం ఎంతో నాకే తెలుసు.

2008లో 'లాన్సెట్' పత్రికలో క్రియేట్ అనే అధ్యయనం వచ్చింది. దాని రచయితల్లోనూ శ్రీనాథ్ రెడ్డి గారు ఉన్నారు. మన దేశంలో 50 నగరాల్లో 89 ఆసుపత్రులు, ఇరవై వేలకు పైగా రోగులు. పెద్ద గుండెపోటు వచ్చినవారిలో సగం మంది ఆసుపత్రికి చేరేసరికి నొప్పి మొదలై 6 గంటలు దాటింది. పేదవారికి సరైన మందులు తక్కువగా అందాయి, వారిలో మరణాలూ ఎక్కువే.

ఈ 6 గంటలు మనకు కొత్తా? గాజువాక వైపు నుంచి ఒకాయన్ని తెల్లవారుజామున తీసుకొచ్చారు. కేస్ షీటులో వచ్చిన టైము ఉంది, నొప్పి మొదలైన టైము లేదు. నేను అడిగితే భార్య చెప్పింది: "రాత్రి తొమ్మిదిన్నరకే నొప్పన్నాడమ్మా. గ్యాసనుకుని సోడా పట్టించాం." రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వాలా, మరేం చేయాలా అన్నది ఆ టైము మీదే ఆధారపడుతుంది. గంట గడిచేకొద్దీ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది.

కనుక సిస్టర్లకు నా మనవి. నొప్పి ఎప్పుడు మొదలైందో తప్పక అడగండి, అడిగింది రాయండి. బి.పి. ఎంత వస్తే అంతే రాయండి. చూడనిది చూసినట్టు రాయకండి.

పాఠకులకు నా మనవి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉంటే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ అమ్మాయితో చివరిగా ఇదే చెప్పాను. పెద్ద డాక్టర్ల పత్రాలను వేలమంది తమ పత్రాల్లో పేర్కొంటారు, అది గౌరవమే. ఆ పత్రం చదివిన నర్సు క్యాజువాల్టీ గుమ్మంలో "నొప్పి ఎన్నింటికి మొదలైందమ్మా?" అని అడిగితే అదీ ఒక సైటేషనే. ఏ లెక్కలోకీ రాకపోయినా, రోగికి ఒరిగేది దానివల్లే.