చాట్‌బాట్ గుర్తించునది ఎవరిని?

రైతుల ప్రశ్నలకు బదులిచ్చు చాట్‌బాట్లు నేడు వింత కావు. పి.యం. కిసాన్ పథకమునకై కిసాన్ ఇ-మిత్ర 2023 లోను, ఆంధ్రప్రదేశ ప్రభుత్వపు వాట్సాప్ సేవయగు మన మిత్ర 2025 జనవరిలోను వెలసినవి. మన సంఘమునకును అట్టిదొకటి కావలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. కోరిక మంచిదే. అయినను ఆ యంత్రము మనలను ఏ రీతిని పోల్చునో, మన మాటలను ఎచ్చట దాచునో తెలిసికొనకయే తీర్మానము చేయుట తగదని నా యభిప్రాయము.

సంఘపు గుమాస్తా ముఖము చూచి మనిషిని పోల్చును; సందేహము కలిగిన తండ్రి పేరడుగును, పాసుపుస్తకము చూచును. చాట్‌బాటునకు ముఖము కనబడదు. వాట్సాప్‌లో ఫోను నంబరును, టెలిగ్రాములో ఖాతాకు కేటాయింపబడిన అంకెయు దానికి ఆనవాళ్లు. ఆ యానవాలు క్రింద ఒక పద్దు తెఱచి, ప్రశ్నను, సమాధానమును, తేదీని, వేళను వ్రాసికొనును. మఱునాడు అదే నంబరునుండి పలుకరించినచో, నిన్నటి మిరప తెగులు సంగతి తానే యెత్తును. ఆహా, యెంత జ్ఞాపకమని మనము మురిసిపోదుము! నిజమునకు మాటలు కూర్చు భాగమునకు అట్టి జ్ఞాపకము లేదు. పాత సంభాషణను ప్రతిసారియు దాని ముందు మరల నుంచవలసినదే. జ్ఞాపకమంతయు పద్దుదే. ఆ పద్దు ఎవరి సర్వరులో నున్నదో వారి చేతిలో మన గుట్టున్నది.

చిక్కు ఇచ్చటనే గలదు. మన యిండ్ల సంగతి మనకు తెలియనిదా? ఒక్క ఫోనును నలుగురు వాడుకొందురు. అప్పు కోడలి పేర నుండును, ఫోను మామగారి జేబులో నుండును. నంబరు కలిసినంతనే బాకీ చెప్పివేయు యంత్రము, సంఘపు గుమాస్తా యెన్నడును చేయరాని పనిని రోజుకు పదిమార్లు చేయును. అదియునుగాక రద్దయిన నంబరును 90 దినముల పిమ్మట మఱియొకరికి ఈయవచ్చును. అప్పుడు క్రొత్తవాడు పలుకరింపగా పాతవాని పద్దు తెఱచుకొనునేమో! బాకీవంటి సంగతులకు పాసుపుస్తకపు సంఖ్యయో, సభ్యుడు తానే యెన్నుకొన్న రహస్యపు అంకెయో అడుగకుండ బదులీయరాదు. ఇందుచే కొంత ఆలస్యమగును, కానిండు.

2023 సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ననుసరించి, ఏ సమాచారమును ఎందులకు గైకొనుచున్నారో తెలుపవలెను. ఆ నోటీసును తెలుగులో కోరుటకును, సమ్మతిని వెనుకకు తీసికొనుటకును, పద్దును చెఱిపివేయుమని యడుగుటకును మనకు హక్కు గలదు. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్య విధుల యమలునకు 18 మాసముల గడువీయబడినది. మన సంఘము ఆ గడువుకై కాచుకొననేల?

కావున రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే కార్యవర్గమువారు పద్దు ఎవరియొద్ద నుండునో, ఎన్ని దినములుంచెదరో, చెఱుపుటకు ఎవరిని అడుగవలెనో తెలుగున వ్రాయించి సంఘ కార్యాలయపు గోడకు అంటింతురుగాక.