గ్యాస్ పైప్‌లైన్‌లో ఏం జరుగుతోందో కంట్రోల్ రూమ్‌కు ఎలా తెలుస్తుంది? మధ్యలో ఉండే స్విచ్ సంగతేంటి?

అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్తుంటే కొబ్బరి తోటల మధ్య గ్యాస్ పైప్‌లైన్ హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. పైపు భూమి లోపల ఉంటుంది. అందులో పీడనం ఎంత ఉందో, వాల్వు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే సమాచారం మాత్రం ఎక్కడో దూరంగా ఉన్న కంట్రోల్ రూమ్ తెరపై కనిపించాలి. ఆ సమాచారం వెళ్లే దారిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాని పేరు ఈథర్నెట్ స్విచ్.

మీ ఇంట్లో వైఫై రౌటర్ వెనుక నాలుగు కేబుళ్లు పెట్టుకునే రంధ్రాలు ఉంటాయి కదా, స్విచ్ చేసే పని దాదాపు అదే. ఒక యంత్రం పంపిన సమాచారాన్ని చేరాల్సిన యంత్రానికి చేరుస్తుంది. బజారులో వెయ్యి రూపాయలకో రెండు వేలకో దొరికే స్విచ్ కూడా ఈ పని చేస్తుంది. అలాంటప్పుడు పరిశ్రమల్లో ‘మేనేజ్డ్ స్విచ్’ అంటూ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ధర ఎందుకు పెడతారు? కోనసీమలో ఉండేవాళ్లు ఈ ప్రశ్నను పట్టించుకోవాల్సిన కారణం ఉంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే 18 అంగుళాల పైపు అది. 20 మందికి పైగా చనిపోయారు. తేమ లేని గ్యాస్ కోసం వేసిన పైపులో నీటితో కలిసిన గ్యాస్ పంపడం, దాంతో లోపల తుప్పు పట్టడం ప్రధాన కారణాలని విచారణలో తేలింది. లీకులు అవుతున్నాయని అంతకుముందే చెప్పామని స్థానికులు అన్నారు.

అందుకే ఒక విషయం సూటిగా చెప్పుకోవాలి. ఎంత ఖరీదైన స్విచ్ పెట్టినా తుప్పు ఆగదు. చిన్న లీకును కూడా అది పట్టుకోలేదు. పైప్‌లైన్ పీడనాన్ని చూసి లీకు గుర్తించే వ్యవస్థలకు ఒక హద్దు ఉంటుంది. ప్రవాహంలో ఒక శాతం కన్నా తక్కువ పోతుంటే చాలాసార్లు తెరపై తేడా కనిపించదు. అక్కడ ఊళ్లో మనిషి ఇచ్చే ఫిర్యాదే పెద్ద సెన్సర్.

మరి స్విచ్ అవసరం ఎక్కడ?

పైపు తెగిన తర్వాతి నిమిషాల్లో. 2010 సెప్టెంబర్ 9న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ బ్రూనోలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 8 మంది చనిపోయారు. గ్యాస్ ప్రవాహం ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. అక్కడి వాల్వులను మనుషులు వెళ్లి చేత్తో మూయాల్సి రావడమే దీనికి కారణం. ఇంకో సంగతీ ఉంది. ప్రమాదానికి ముందు ఒక స్టేషన్‌లో కరెంటు పనులు చేస్తుండగా పీడనం కొలిచే పరికరాలకు సరఫరా పోయింది. వాటి నుంచి తప్పుడు సంకేతాలు వచ్చాయి. పీడనం తక్కువగా ఉందనుకుని నియంత్రణ వాల్వులు పూర్తిగా తెరుచుకున్నాయి. పైపులో అప్పటికే లోపం ఉంది, దానికి ఈ సమాచార లోపం తోడైంది.

మామూలు స్విచ్‌కు ఒకటే దారి తెలుసు. కేబుల్ తెగితే ఆ వాల్వు స్టేషన్ కంట్రోల్ రూమ్‌కు కనిపించదు. మేనేజ్డ్ స్విచ్‌లను గొలుసులా చుట్టూ కలుపుతారు. ఒకవైపు తెగితే సెకను లోపే రెండో వైపు నుంచి సమాచారం తిరుగుతుంది. కోనసీమలో ఇది చిన్న విషయం కాదు. తుపాను వస్తే స్తంభాలు కూలతాయి, గోదావరికి వరద వస్తే లంకలు మునుగుతాయి, రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ఏ రోజైనా కేబుల్ లాగేయవచ్చు. రెండు దారులూ ఒకే గోతిలో వేస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు. టెండర్లలో స్విచ్ మోడల్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు, ఈ గొయ్యి సంగతి మీదే అంత పట్టింపు ఉండదు.

రెండోది, రద్దీ. ఎవరో పొరపాటున ఒకే కేబుల్ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో పెట్టారనుకోండి. మామూలు స్విచ్‌లో సమాచారం గిరగిరా తిరుగుతూ పెరిగిపోయి నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది. 2006 ఆగస్టు 19న అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో నెట్‌వర్క్‌పై సమాచారం రద్దీ మితిమీరి, పంపుల కంట్రోలర్లు పనిచేయడం మానేశాయి. సిబ్బంది మూడో యూనిట్‌ను ఆపేయాల్సి వచ్చింది. ఎవరూ హ్యాక్ చేసినట్టు తేలలేదు, ఉత్త రద్దీయే. మేనేజ్డ్ స్విచ్ ఇలాంటి చుట్టును గుర్తించి ఆ పోర్టును మూసేస్తుంది. సీసీ కెమెరా వీడియో కన్నా వాల్వు ఆదేశానికి ముందు దారి ఇస్తుంది.

మూడోది, గోడలు కట్టడం. ఆఫీసు కంప్యూటర్లు, కెమెరాలు, వాల్వులు ఒకే స్విచ్ మీద ఉన్నా ఒకదానికొకటి కనిపించకుండా విడదీయవచ్చు. 2021 మే 7న అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్‌పై జరిగిన రాన్సమ్‌వేర్ దాడి ఆఫీసు కంప్యూటర్ల మీదే జరిగింది. అయినా భయంతో పైప్‌లైన్ మొత్తం ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టడానికి ఐదు రోజులు పట్టింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ‘మేనేజ్డ్’ అంటే ఎవరో మేనేజ్ చేయాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా, వాడని పోర్టులు మూయకుండా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే అది మామూలు స్విచ్ కన్నా ప్రమాదం. ఎందుకంటే దాని సెట్టింగులను బయటివాళ్లు మార్చగలరు. నా దృష్టిలో మన ప్రభుత్వ ప్రాజెక్టుల అసలు బలహీనత కొనుగోలులో కాదు, ఐదేళ్ల తర్వాత నిర్వహణ కాంట్రాక్టు ముగిసిన మరునాడు కనిపిస్తుంది.

మన దేశంలో నిబంధన ఏముంది?

సైబర్ ఘటన జరిగితే గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. స్కాడా వంటి నియంత్రణ వ్యవస్థలపై దాడులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. లాగ్ అంటే ఏ పోర్టులో ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే చిట్టా. మామూలు స్విచ్‌కు చిట్టా ఉండదు. పైప్‌లైన్లకు అత్యవసర ప్రణాళిక ఎలా ఉండాలో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు 2010 నిబంధనలు చెబుతాయి.

మీరు ఏం అడగవచ్చు?

గెయిల్, ఓఎన్‌జీసీ ప్రభుత్వ రంగ సంస్థలు కాబట్టి సమాచార హక్కు చట్టం వాటికి వర్తిస్తుంది. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నెట్‌వర్క్ మ్యాపు, స్విచ్ మోడళ్లు అడిగితే భద్రత పేరుతో ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అవి కాకుండా, మీ మండలం గుండా వెళ్లే పైప్‌లైన్‌లో ఎన్ని వాల్వులను దూరం నుంచి మూయవచ్చో, కంట్రోల్ రూమ్‌తో వాటి సంబంధం గత ఏడాది ఎన్ని గంటలు తెగిపోయిందో, చివరి మాక్ డ్రిల్ ఏ తేదీన ఏ ఊళ్లో జరిగిందో అడగండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం దరఖాస్తు రాస్తూ కూర్చోవద్దు. పొయ్యి, స్విచ్‌లు, బండి ఇంజిన్ ముట్టుకోకుండా దూరంగా వెళ్లి, హెచ్చరిక బోర్డు మీద ఉన్న నంబరుకు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. ఆ నంబరును ఈ రోజే ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి.