వైద్యుని చీటీ, కార్మికుని కూడు

2025వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీని సుప్రీముకోర్టువారు తెలంగాణ రోడ్డురవాణా సంస్థకును, ఆ సంస్థ తొలగించిన యొక డ్రైవరునకును నడుమ జరిగిన వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. ఇట్టి తీర్పులు పత్రికల మూలలందు పడి మఱునాటికి మఱపున గలియుట పరిపాటి. ఈ తీర్పునకు ఆ గతి పట్టరాదని మా కోరిక. జీతము తెచ్చుకొని యిల్లు గడపుకొను ప్రతివాడును, ఆ జీతము నిచ్చు ప్రతి అధికారియు దీనిని శ్రద్ధగా చదువవలసియున్నది.

సంగతి యిది. 2014లో కొలువున జేరిన యొక డ్రైవరు ఎఱుపు పచ్చ మొదలగు రంగుల భేదమును సరిగా గుర్తింపజాలడని సంస్థవారి వైద్యపరీక్షలో తేలినది. బస్సు నడుపు పని మాన్పించుట న్యాయమే. ఆ డ్రైవరు కోరినది మఱియొక పని. సంస్థవారు ఆ కోరికను త్రోసివేసి 2016 జనవరిలో అతనిని ఇంటికి పంపిరి. అతడు హైకోర్టులో ఒకమారు గెలిచి, అప్పీలులో ఓడి, కడకు ఢిల్లీ చేరెను. ఎనిమిది వారములలో అతనికి తగిన యుద్యోగము చూపవలెననియు, తొలగించిననాటి జీతపు శ్రేణి తగ్గరాదనియు, నడుమ గడచిన కాలపు బకాయిలలో నూటికి 25 వంతులు చెల్లింపవలెననియు సుప్రీముకోర్టువా రాజ్ఞాపించిరి. తొమ్మిదేండ్లు తిరిగిన పిదప నాలుగవ వంతు! గెలిచినవాడే యింత కోలుపోయినప్పుడు, కోర్టు గడప త్రొక్కలేనివాని గతి యేమో పాఠకులే యూహింతురు గాక.

డ్రైవర్ల వర్ణాంధత్వమును గూర్చిన తగవులలో తఱచుగా వినవచ్చు వాదమొకటి కలదు. 1995 నాటి వికలాంగుల చట్టమున ఏడు వైకల్యములు మాత్రమే లెక్కింపబడినవి. 2016 నాటి చట్టమున అవి 21కి పెరిగినవి. రెంటిలోను వర్ణాంధత్వము లేదు. కావున వీనికి చట్టపు అండ లేదని యధికారుల మాట. పట్టికలో పేరున్న వైకల్యము కలవాడు మనుష్యుడట, లేనివాడు చెల్లని రూపాయి యట! అయితే సుప్రీముకోర్టువారు ఈ పట్టికల యొద్దనే ఆగిపోలేదు. 1979 డిసెంబరు 17వ తేదీని సంస్థవారును కార్మిక సంఘమును చేసికొన్న యొడంబడికలో, వర్ణాంధులని తేలిన డ్రైవర్లకు జీతము తగ్గకుండ వేఱు పని చూపవలెనను నియమము స్పష్టముగా నున్నది. తాము చేవ్రాలు చేసిన కాగితమును తామే మఱచిన సంస్థకు ఆ కాగితమును న్యాయస్థానము చదివి వినిపింపవలసి వచ్చినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారి శాఖగా 27 బస్సులతో మొదలైన ఈ రవాణా వ్యవస్థ నేడెంత విస్తరించినదో మన మెఱుగుదుము. అంత పెద్ద యింట ఒక్క మనిషికి చోటు లేకపోయెనన్న నమ్మువా రెవ్వరు?

ప్రయాణికుల ప్రాణములతో చెలగాట మాడుమని మేమనుటలేదు. రంగులు గుర్తింపని కన్ను రైలుబాటపై ఎట్టి యనర్థమునకు కారణమగునో యని యూరపుఖండమున చర్చ రేగినది 1875లో స్వీడను దేశమున లాగర్లుండా యొద్ద రెండు రైళ్లు ఢీకొన్న పిదపనే. రంగురంగుల చుక్కలలో అంకెలు దాచిన ఇషిహారా పలకలు 1917లో జపానునుండి వచ్చినవి. నేడును మన వైద్యులు చేతబట్టునవి అవియే. పరీక్ష అవసరమే. కాని ఆ పరీక్ష చెప్పున దెంతవఱకు? 2020 జూనులో కేంద్రప్రభుత్వమువారే నియమములను సడలించి, తీవ్రము కాని వర్ణాంధత్వము కలవారికి డ్రైవింగు లైసెన్సు లీయవచ్చునని ప్రకటించిరి. వైద్యశాస్త్రము కొద్దియని, మిక్కిలియని తరతమ భేదము పాటించుచున్నది. కచేరీ మాత్రము అవును కాదను రెండు మాటలతో సరిపెట్టుకొనుచున్నది.

ఈ తగవులన్నిటికిని మూల మిచ్చటనే యున్నదని మా యభిప్రాయము. వైద్యుని యడిగిన ప్రశ్న, ఇతడు బస్సు నడుపగలడా యని. అందులకు వైద్యుడు అన్‌ఫిట్ అని యొక్క మాట వ్రాసి సంతకము చేయును. ఆ చీటీ పర్సనల్ విభాగపు బల్లపైకి చేరునప్పటికి దాని యర్థము మారిపోవును. బస్సు నడుపలేడన్న మాట, ఏ పనియు చేయలేడన్న మాటగా చదువబడును. అడుగని ప్రశ్నకు వైద్యుడు జవాబిచ్చినట్లు భావించి, ఆ జవాబుపై ఒక కుటుంబపు అన్నమును నిలిపివేయుచున్నారు. చూపు మందగించిన డ్రైవరు డిపోలో సామాను లెక్క చూడవచ్చును, టిక్కెట్ల లెక్క చూడవచ్చును, క్రొత్తవారికి బండి మరమ్మతులు నేర్పవచ్చును. ఇవి చేయగలడా యని యడుగవలసినది యజమాని. చేయలేడని నిరూపింపవలసిన భారమును యజమానిదే. ఆ భారమును రోగపీడితుని నెత్తిన బెట్టి, నీకు తగిన ఖాళీ నీవే వెదకికొని రమ్మనుట యెక్కడి ధర్మము?

పరాయి ప్రభుత్వము నాటి పద్ధతి వేఱు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమున చేయి పోయిన నింత, కాలు పోయిన నింత యని సంపాదనశక్తి నష్టమును నూటికిన్ని పాళ్లని లెక్కగట్టి పట్టిక వేసిరి. ఆ పాళ్లకు తగిన సొమ్ము చేత బెట్టిన తరువాత ఆ మనిషితో పని లేదు. స్వరాజ్యము వచ్చినది. రాజ్యాంగపు 41వ అధికరణమున, పనిచేయు హక్కును గూర్చియు, రోగమునందును వైకల్యమునందును సాయము పొందు హక్కును గూర్చియు రాజ్యము తన శక్తికొలది ఏర్పాటు చేయవలెనని వ్రాసికొంటిమి. కాని కొలువులో నుండగా అంగము కోల్పోయినవానిని తొలగింపరాదని శాసనము చేయుటకు 1995వఱకు ఆగవలసి వచ్చినది. నలువదియెనిమిది యేండ్లు! ఆ చట్టపు 47వ విభాగమునను, దాని స్థానమున వచ్చిన 2016 చట్టపు 20వ విభాగమునను ఉన్న మాట సూటియైనది. ఉద్యోగమున నుండగా వైకల్యము సంభవించినవానిని తీసివేయరాదు, హోదా తగ్గింపరాదు. ఆ పనికి తగనిచో అదే జీతముపై వేఱు పనికి మార్పవలెను. ఖాళీ లేనిచో అదనపు స్థానమును కల్పించి, ఖాళీ వచ్చువఱకో, పదవీవిరమణ వయస్సు వచ్చువఱకో అందుంచవలెను. ఇంతకంటె తేటగా ఏ శాసనకర్త వ్రాయగలడు?

చట్టమున్నది గదా యని నిశ్చింతగా నుండరాదు. పంజాబు విద్యుత్ బోర్డులో సహాయ లైనుమానుగా పనిచేయు నొకనికి 1994లో చూపు పూర్తిగా పోయెను. అతడు తన కొలువు మాన్పించి భార్యకు పని యిప్పింపుడని యర్జీ పెట్టుకొనెను. ఆ యర్జీలో తమకు కావలసిన సగమును మాత్రము గ్రహించి, ఇతడు తానే రాజీనామా యిచ్చెనని బోర్డువారు వాదించిరి. 2008లో సుప్రీముకోర్టువా రా వాదమును త్రోసిపుచ్చి, హక్కు లెఱుగని దీనునికి వాని హక్కును తెలుపవలసిన యధికారులే దానిని మఱుగుపఱచిరని గట్టిగా మందలించిరి. మన జిల్లాలలోని కచేరీలలోను ఆరోగ్యము చెడినవానితో స్వచ్ఛంద విరమణ కాగితములు వ్రాయించుట యెఱుగని గుమాస్తా యుండడు. కాగితముపై స్వచ్ఛందమను మాట యున్నంత మాత్రమున అది స్వచ్ఛంద మగునా?

రెండవ పక్షమును వినుట పత్రికాధర్మము. నష్టములలో నడచు సంస్థ పని చేయనివానికి జీత మెట్లిచ్చునని అధికారు లందురు. కొందఱు సుఖమైన కుర్చీ కొఱకు లేని జబ్బును చూపుదురనియు నందురు. అది కేవలము అసత్యము కాదు. వేఱు పనికి మాఱినవానిని చూచి, తన బండెడు చాకిరి తనకే మిగిలెనని గొణుగు తోడి పనివాడును కలడు. వాని గొణుగుడును నిర్లక్ష్యము చేయరాదు, ఏలయన ఇద్దఱి పనిని ఒక్కనిచే చేయించుకొని మిగుల్చుకొనుచున్నది యజమానియే. లేని జబ్బును పట్టుటకు రెండవ వైద్యమండలి యున్నది. ఒక దొంగ కొఱకు పదిమంది నిజరోగులను వీథిపాలు చేయుట విచారణ యనిపించుకొనదు. ఇక ఖర్చు మాట. చట్టమే మోయరాని భారమును మోయుమని చెప్పలేదు. అయితే భారమెంతో లెక్క వేసి చూపక, భారము భారమని కేక వేయువాని మాట నమ్మ నక్కరలేదు.

కన్ను, కాలు కనబడునవి. కనబడని జబ్బుల తగవులు మఱింత చిక్కైనవి. 2016 చట్టమున కంపవాతము, తలసీమియా, హీమోఫీలియాయు చేరినవి. ఇట్టివానికి కావలసినది వేఱు ఉద్యోగము కాదు. చికిత్సకు పోవు దినమున పనివేళ మార్పు, మేడమెట్లు లేని గది, కొంత విరామము చాలును. కాని పైకి బాగుగనే యున్నాడు గదా యను పైయధికారి చూపు ముందు అతడు ప్రతిదినము రోగినని నిరూపించుకొనవలసి వచ్చుచున్నది. కేంద్ర రిజర్వు పోలీసు దళమున మానసిక వ్యాధిపీడితుడైన అధికారిపై క్రమశిక్షణ చర్య తీసికొనగా, రోగఫలమైన ప్రవర్తనకు రోగిని దండించుట వివక్షయే యని 2021లో సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. అదే సంవత్సరమున మఱియొక వ్యాజ్యమున, వ్రాయునప్పుడు చేయి కొంకరపోవు అభ్యర్థికి లేఖకుని సాయము నీయవలసినదే యనియు, నూటికి 40 పాళ్ల వైకల్యము కలవారికే సౌకర్యమను నియమము చెల్లదనియు చెప్పిరి. ఈ రెండు మాటలును ప్రతి కచేరీ గోడపై వ్రాయదగినవి. ప్రభుత్వమువారు వికలాంగులను దివ్యాంగులని పిలుచుటకు చూపిన త్వరలో సగమైనను దీనిపై చూపిన మేలు.

ఇంతవఱకు చెప్పినది ప్రభుత్వపు నీడలో నున్నవారి గతి. తొలగింపరాదను 20వ విభాగపు నియమము ప్రభుత్వ సంస్థలకే వర్తించును. సిమెంటు కర్మాగారమున వేలు తెగినవాడు, ప్రైవేటు ఆసుపత్రిలో నడుము విఱిగిన నర్సు, కంప్యూటరు కంపెనీలో చూపు తగ్గిన యువకుడు ఆ నియమమున కావలివారు. వారికి మిగిలినది సమానావకాశ విధానమను ప్రకటన. 20 మంది గాని అంతకు మించి గాని పనివారున్న ప్రతి ప్రైవేటు సంస్థయు ఏ యే సౌకర్యములు కల్పించునో వివరముగా వ్రాసి, అందఱకు కనబడునట్లు పెట్టవలెనని నియమము. ఈ పఠనమందిరమున కూర్చుండి చదువుచున్న మిత్రులు రేపు తమ పనిచోట ఆ కాగిత మెక్కడ నున్నదో వెదకి చూతురు గాక.

శాసనసభ్యులును కార్మిక సంఘములవారును తక్షణమే పూనుకొనదగిన పనులు కొన్ని కలవు. వైద్యమండలి చీటీలో, ఏమి చేయలేడు అను గడి ప్రక్కనే ఏమి చేయగలడు, అందులకు ఏ సౌకర్యము కావలెను అను రెండు గడులు చేర్పవలెను. తొలగింపు ఉత్తరువునకు ముందు సంస్థలోని ఖాళీల నన్నిటిని చూచి, అవి యీతనికి ఏల తగవో వ్రాతమూలముగా తెలుపవలెను. రెండవ వైద్యమండలి నిర్ణయము వెలువడువఱకు జీతము నిలుపరాదు. 20వ విభాగమును ప్రైవేటు సంస్థలకును వర్తింపజేయుట పార్లమెంటు పని. అన్నిటికంటె ముందు, గత పదేండ్లలో వైద్యకారణములపై ఎందఱిని పదవినుండి తప్పించిరో, వారిలో ఎందఱికి వేఱు పని చూపిరో, ఆ లెక్కను ఉభయ రాష్ట్రముల రవాణా సంస్థలవారు శాసనసభల ముందుంచవలెనని కోరుచున్నాము.