దాగినదంతా దైవం కాదు

'గుహ్యం' అనే మాట మన శాస్త్రాలకు కొత్తది కాదు. ఉపనిషత్తు అన్న పదానికే రహస్యమనే అర్థం ఉంది. గీతాచార్యుడు తన ఉపదేశాన్ని రాజగుహ్యమన్నాడు. కానీ ఆ గుహ్యాన్ని ఆయన చీకటిగదిలో చెప్పలేదు, ఇరు సేనల నడుమ పట్టపగలు చెప్పాడు. అర్హత లేనివానికి అందదు గనుక అది రహస్యమే తప్ప, ఎవరో దాచిపెట్టినందువల్ల కాదు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని, ఆధునిక పాశ్చాత్య కవులను, చిత్రకారులను గుహ్యచింతన ఎలా ఆకర్షించిందో పరిశీలిస్తే, మన ఇళ్లకు కూడా పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

పంతొమ్మిదవ శతాబ్ది చివర యూరపులో భౌతికశాస్త్రాలు ప్రబలి, పూర్వవిశ్వాసాలు సడలాయి. కంటికి కనిపించేదే సర్వస్వమనే మాటతో తృప్తిపడలేని సున్నితమనస్కులు మరో దారి వెదికారు. 1875లో న్యూయార్కులో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ ప్రభృతులు స్థాపించిన దివ్యజ్ఞాన సమాజం వారికి ఆశ్రయమైంది. 1882లో ఆ సమాజ కేంద్రం మద్రాసులోని అడయారుకు తరలివచ్చింది. కర్మ, పునర్జన్మ వంటి మన సిద్ధాంతాలు ఈ మార్గాన పడమటి దేశాలకు వెళ్లాయి. అయితే వాటితోపాటు అదృశ్య గురువుల లేఖలు, అద్భుత ప్రదర్శనలు కూడా కలిసి వెళ్లాయి. పాలూ నీళ్లూ కలిసిపోయాయి.

ఆ పాత్ర నుండి తాగినవారిలో మహాకళాకారులున్నారు. రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911లో వెలువరించిన, కళలోని ఆధ్యాత్మికతను గురించిన గ్రంథంలో ఈ సమాజాన్ని ఆదరంతో ప్రస్తావించాడు. డచ్చి చిత్రకారుడు మాండ్రియన్ 1909లో అందులో సభ్యుడైనాడు. స్వీడన్‌కు చెందిన హిల్మా ఆఫ్ క్లింట్ మరో నలుగురు స్త్రీలతో కలిసి అదృశ్యశక్తుల సందేశాల కోసం కూర్చునేది. 'ఆలయ చిత్రాలు' అనే పేరుతో 1906 నుండి 1915 వరకు 193 చిత్రాలు వేసింది. వాటిలో కొన్ని పది అడుగులకు మించిన ఎత్తు. తన మరణానంతరం ఇరవై ఏళ్ల వరకు వాటిని లోకానికి చూపవద్దని కోరింది. 2018లో న్యూయార్కులోని గుగ్గెన్‌హైమ్ సంగ్రహాలయం వాటిని ప్రదర్శిస్తే ఆరు లక్షలకు పైగా జనం చూశారు. ఈ ముగ్గురూ 1944లోనే కన్నుమూయడం యాదృచ్ఛికం.

కవులలో ఐర్లండుకు చెందిన యేట్స్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. యౌవనంలో దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. 1890లో 'గోల్డెన్ డాన్' అనే మంత్రతంత్ర సంఘంలో ప్రవేశించాడు. 1917లో వివాహమైన కొద్ది రోజులకే ఆయన భార్య చేతి ద్వారా ఎవరో రాయిస్తున్నట్లు రాతలు మొదలయ్యాయి. వాటి ఆధారంగా 'ఎ విజన్' అనే గ్రంథం రచించాడు. ఆ శక్తులు తన కవిత్వానికి ఉపమానాలు అందించడానికే వచ్చామన్నాయని ఆయనే చెప్పుకున్నాడు. ఇదంతా అక్షరాలా నమ్ముతావా అంటే మాత్రం సూటిగా ఔననలేదు. అదే యేట్స్ 1937లో పురోహిత స్వామితో కలిసి పది ఉపనిషత్తులను ఆంగ్లీకరించాడు. తంత్రసంఘాల గుమ్మాలు ఎక్కి దిగినవాడు చివరికి ఉపనిషత్తుల గుమ్మం ముందు నిలవడం గమనించదగినది.

వీరిని చూసి నవ్వడం తగదు. మన పోతన కూడా భాగవతాన్ని తాను పలకడం లేదనీ, పలికించేవాడు శ్రీరాముడనీ చెప్పాడు కదా! మరి భేదమెక్కడ? పోతన ఇష్టదైవానికి శరణాగతుడైనాడు, సంకేతాల కోసం ఎదురుచూడలేదు. వ్యాసమూలం, ఛందస్సు, వ్యాకరణం అనే కట్టుబాట్లను విడువలేదు. కోరిక లేని భక్తి ఒకవైపు, కనిపించని లోకపు వార్తలు తెలుసుకోవాలనే కుతూహలం మరొకవైపు. ఆ పాశ్చాత్యుల కళలో నిలిచింది కూడా ఏళ్ల తరబడి చేసిన సాధనే. ఎ విజన్‌ను చదవనివారు కూడా యేట్స్ కవితలను చదువుతున్నారు.

పతంజలి మహర్షి సిద్ధులను వివరంగా చెప్పి, అవి సమాధికి విఘ్నాలని వెంటనే హెచ్చరించాడు. ఇందుకు తార్కాణం మన మదనపల్లెలోనే ఉంది. 1895లో అక్కడ జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా భావించి దివ్యజ్ఞాన సమాజ పెద్దలు ఒక సంఘాన్నే నెలకొల్పారు. 1929లో ఆయన దానిని స్వయంగా రద్దుచేశాడు. సమాజం వల్ల మేలు జరగలేదని కాదు. దాని పిలుపుతో వచ్చిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె కళాశాలలో పనిచేశాడు. 1919లో ఠాగూర్ అక్కడ బసచేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదిస్తే, కజిన్స్ సతీమణి మార్గరెట్ స్వరాలు రాశారు. విద్యాలయం, గీతం నిలిచాయి. జగద్గురు పీఠం నిలవలేదు.

అంతా మన నుండే వెళ్లిందని గర్వించడం సులభం. మన వాకిట్లో ఏం జరుగుతున్నదో చూసుకోవడమే కష్టం. రహస్యమంత్రం ఇస్తామనీ, అంజనం వేసి చూస్తామనీ, ఎవరో చేసిన ప్రయోగాన్ని తిప్పికొడతామనీ చెప్పేవారి మాటలకు ఆస్తిక కుటుంబాలే ఎక్కువగా మోసపోతున్నాయి. వేదం చదివిన ఇంటివారు కూడా భయంతో ఇంట్లోని బంగారం అమ్ముకొని వారికి సమర్పించడం శోచనీయం. భయపెట్టేది, ఎవరికీ చెప్పవద్దనేది, ప్రశ్నిస్తే కోపించేది అధ్యాత్మవిద్య కాదు. గుహ్యాలలో గుహ్యమైనది చెప్పిన తరువాత కూడా శ్రీకృష్ణుడు అర్జునునితో, దీనిని పూర్తిగా విమర్శించుకొని నీ ఇష్టప్రకారం చేయమన్నాడు. విచారణకు చోటిచ్చే ఆ ఔదార్యమే నిజమైన గురువుకు గుర్తు.

సంధ్యావందనంలో మనం సవితృదేవుని కోరేది అద్భుతశక్తులను కాదు, మన బుద్ధిని సన్మార్గంలో ప్రేరేపించమని మాత్రమే. కవికైనా, చిత్రకారునికైనా, గృహస్థుకైనా అంతకు మించి కోరవలసిన వరం లేదు.