శెనక్కాయ మందుకు కొర్ర లెక్క చెప్పాలి

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ విత్తిన ఇరవై రోజులకు ఒక్క వాన పడితే చాలు, చేనంతా కలుపు లేస్తుంది. ఒకప్పుడు సాళ్ల మధ్య గుంటక తోలేవారు, మొదళ్ల దగ్గర మిగిలింది ఆడకూలీలు తీసేవారు. ఇప్పుడు ఎద్దులు తగ్గాయి, కూలి పెరిగింది, అదను దాటేలోపు మనుషులు దొరకరు. అందుకే రైతు ఇమాజెథాపిర్ అనే కలుపు మందు డబ్బా కొంటున్నాడు. అతణ్ని తప్పుపట్టలేం.

అమెరికన్ సైనమిడ్ కంపెనీ శాస్త్రవేత్తలు 1970లలో కనిపెట్టిన ఇమిడజోలినోన్ మందుల కుటుంబంలోది ఇది. వాలీన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు మొక్కలో తయారు కాకుండా ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. లేత కలుపు మీద పడితే ముందు మొవ్వ పసుపెక్కుతుంది, ఎదుగుదల ఆగుతుంది, రెండు మూడు వారాలకు చస్తుంది. వేరుశనగ మాత్రం మందును తనలోనే విరిచేసుకొని తట్టుకుంటుంది. ఆ ఎంజైము మనుషుల్లో, పశువుల్లో లేదు. విరుగుడే లేని కలుపు మందు పారాక్వాట్‌తో పోలిస్తే ఇది ఎంతో నయం.

చిక్కంతా నేలలో ఉంది. ఈ మందును మట్టిలో ప్రధానంగా కరిగించేది సూక్ష్మజీవులు. వాటికి తడి కావాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో, అదీ సరిగా పడని ఏడు, మందు నెమ్మదిగా కరుగుతుంది; మిగిలింది తర్వాతి పంటను దెబ్బతీయొచ్చు. అమెరికాలో ఈ మందు లేబుల్ జొన్న వేయాలంటే 18 నెలలు, చక్కెర దుంప వేయాలంటే 40 నెలలు ఆగమంటుంది. మన వేడికి అంతకాలం పట్టకపోవచ్చు. కానీ మన చేలో ఎంతకాలమన్నది మన నేలలోనే తేలాలి.

వేరుశనగ వదిలి కొర్ర, జొన్న వేయమని ప్రభుత్వమే చెబుతోంది. ఆ మాట విన్న రైతుకు, నిరుడు కొట్టిన మందు ఈ ఏటి మొలకను గిడసబార్చవచ్చని ఎవరు చెప్పాలి? డబ్బాతో వచ్చే కాగితంలోని చీమతలకాయలంత అక్షరాలా?

చేలో మందు మిగిలిందో లేదో తేల్చే పరీక్ష పెద్ద పనేం కాదు. మందు కొట్టిన చేని మట్టి ఒక కుండీలో, ఎన్నడూ మందు పడని గట్టు మట్టి ఇంకో కుండీలో పోసి, రెండింట్లో కొర్రలు చల్లి, సమంగా నీళ్లు పోయాలి. రెండు వారాల్లో మొలకల ఎత్తు, ఆకుల రంగు చూస్తే తేడా తెలుస్తుంది. ప్రతి రైతు సేవా కేంద్రం ముంగారుకు ముందే ఈ కుండీలు పెట్టాలి. డీలరు బిల్లు మీద తర్వాత వేయకూడని పంటల పేర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి.