మాటల మూట: తేదీ లేని రోజులు

పిల్లలూ! మీ కలం స్నేహితుడు ఇంగ్లీషులో ఉత్తరం రాస్తూ, మీ పుస్తకాన్ని "ది అదర్ డే" పోస్టు చేశానన్నాడనుకోండి. "అదర్" అంటే వేరొక, "డే" అంటే రోజు, కనక మరొక రోజు పంపుతాడు కాబోలునని మీరు ఊరుకున్నారో, పుస్తకం దారిలో తప్పిపోయినా మీకు తెలియదు! ఎందుకంటే "ది అదర్ డే" అంటే మొన్నీమధ్య అని అర్థం. అతను పుస్తకం పంపి అప్పుడే కొన్ని రోజులైంది. వెళ్ళి పోస్టుమాన్‌ను అడగండి.

అదే మాటలో "ది" తీసి "సమ్" పెడితే, "సమ్ అదర్ డే" అంటే ఇంకెప్పుడైనా అని. ఒక్క చిన్న మాట మారేసరికి జరిగిపోయిన రోజు కాస్తా రాబోయే రోజైపోయింది!

మన "మొన్న" కూడా కొంచెం ఇలాంటిదే. నిన్నటికి ముందురోజూ మొన్నే, పది రోజుల కిందటిదీ మొన్నే.

"వన్ డే" మరీ గడుసుది. అనగా అనగా ఒకనాడు నక్క వచ్చిందని చెప్పటానికీ అదే, ఏదో ఒకనాడు నువ్వు డాక్టరువవుతావని దీవించటానికీ అదే. "సమ్ డే" మాత్రం ఎప్పుడూ ముందుకే చూస్తుంది.

ఇక "వన్ ఆఫ్ దీజ్ డేస్" అంటే ఇవాళో రేపో, ఎప్పుడో ఒకప్పుడు. మామయ్య ఆ మాట అని మిమ్మల్ని సర్కస్‌కు తీసుకుపోతానంటే, అప్పుడే కొత్త చొక్కా తొడుక్కుని కూర్చోకండి. ఏ ఆదివారమో అడిగి చెప్పించుకోండి.

ఎన్నటికీ రాని రోజుకు కూడా ఇంగ్లీషులో ఒక పేరున్నది! అది "గ్రీక్ కేలండ్స్". పూర్వం రోములో ప్రతి నెలా మొదటి రోజును కేలండ్స్ అనేవారు. అప్పు తీసుకున్నవాళ్ళు వడ్డీ కట్టవలసినది ఆ రోజునే. వడ్డీలు రాసుకునే చిట్టాకు దాన్నిబట్టే పేరు వచ్చింది, మన గోడమీది కేలండరుకు ఆ చిట్టా పేరే వచ్చింది. అయితే గ్రీకుల నెలల్లో కేలండ్స్ అనే రోజే లేదు. క్రీ.శ. 14లో చనిపోయిన రోము చక్రవర్తి అగస్టస్, అప్పు ఎగవేసేవాళ్ళను గురించి, వాళ్ళు గ్రీకుల కేలండ్స్‌నాడు తీరుస్తారు అంటూండేవాడట. ఈ సంగతి సుటోనియస్ అనే ఆయన రాసిపెట్టాడు. పాపం, అప్పిచ్చినవాడు ఏ తేదీన వెళ్ళి తలుపు తట్టాలి?